దివ్యాంగుల స్వారీశాల: గుర్రం చేసే మేలు ఎంత, దాని వెనుక శ్రమ ఎంత?

నడవలేని పిల్లలను గుర్రం ఎక్కిస్తే నడక వస్తుందని, మాట రాని పిల్లలు గుర్రం దగ్గర నోరు విప్పుతారని చెప్పే వీడియోలు దివ్యాంగ పిల్లల తల్లిదండ్రుల ఫోన్లకు తరచుగా చేరుతున్నాయి. బెంగళూరు, చెన్నై వంటి నగరాల్లో గుర్రాల సహాయంతో చికిత్స, శిక్షణ అందించే కేంద్రాలు ఇప్పటికే పనిచేస్తున్నాయి. ఇతర దేశాల్లో ఈ పద్ధతికి అర్ధ శతాబ్దానికి పైగా చరిత్ర ఉంది. కొంత శాస్త్రీయ ఆధారమూ ఉంది.

అయితే ఆ వీడియోల్లో కనిపించేది 20 నిమిషాల స్వారీ మాత్రమే. ఆ స్వారీకి ముందూ వెనుకా, తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా సాగే పని వాటిలో కనిపించదు. పిల్లలకు మేలు జరగడం, కీడు జరగకుండా ఉండడం ఆ పనిమీదే ఆధారపడి ఉంటాయి. అందువల్ల స్వారీశాల రోజువారీగా ఎలా నడుస్తుందో తెలుసుకోవడం తల్లిదండ్రులకు ముఖ్యం.

మూడు వేర్వేరు పనులు

ఈ రంగంలో మూడు రకాల సేవలను జనం సాధారణంగా ఒకే పేరుతో పిలుస్తున్నారు. వాటిని విడదీసి చూడకపోతే ఎవరికి ఏది తగినదో, దాని నుంచి ఎంత ఆశించవచ్చో తెలియదు.

మొదటిది హిప్పోథెరపీ. గ్రీకు భాషలో 'హిప్పోస్' అంటే గుర్రం. ఇందులో ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు లేదా స్పీచ్ థెరపిస్టు తమ చికిత్సలో గుర్రం కదలికను ఒక సాధనంగా వాడుకుంటారు. పిల్లలు ఇక్కడ స్వారీ నేర్చుకోరు. గుర్రాన్ని మరొకరు నడిపిస్తారు. చికిత్స అవసరాన్ని బట్టి పిల్లలను ముందుకు, పక్కకు, ఒక్కోసారి వెనక్కు తిరిగి కూర్చోబెడతారు.

రెండవది చికిత్సాత్మక స్వారీ. దీనిని నడిపేది దివ్యాంగులకు స్వారీ నేర్పడంలో తర్ఫీదు పొందిన శిక్షకులు. పగ్గం పట్టుకోవడం, గుర్రాన్ని ఆపడం, మలుపు తిప్పడం, తన గుర్రాన్ని తానే గుర్తించడం వంటివి నేర్పుతారు. ఇది చికిత్స కంటే క్రీడకు, విద్యకు దగ్గర.

మూడవది నేలమీది పని. గుర్రం ఎక్కే వీలు లేనివారు, ఎక్కడానికి భయపడేవారు దాని ఒళ్లు దువ్వుతారు, మేత పెడతారు, పగ్గం పట్టుకుని వెంట నడుస్తారు. కొందరికి ఇది తొలి మెట్టు. మరికొందరికి ఇదే సరైన కార్యక్రమం.

సముద్రతీరంలో చేయించే విహార స్వారీ గానీ, పెళ్లి ఊరేగింపు గుర్రంమీద కూర్చోబెట్టి ఫొటో తీయించడం గానీ ఈ మూడింటిలో దేని కిందికీ రాదు.

గుర్రం నడకలో ఏముంది?

గుర్రం నెమ్మదిగా నడిచేటప్పుడు నాలుగు కాళ్లనూ ఒక్కొక్కటిగా నేలమీద వేస్తుంది. ప్రతి అడుగుకూ దాని వీపు ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ, ఇరుపక్కలకూ కదులుతుంది. పైన కూర్చున్నవారి కటి భాగం కూడా అదే లయలో కదులుతుంది. మనిషి మామూలుగా నడిచేటప్పుడు కటి కదిలే తీరుకు ఇది చాలా దగ్గరగా ఉంటుంది. కాళ్లు సహకరించని పిల్లల నడుముకు నడక అనుభవాన్ని ఈ విధంగా ఇవ్వవచ్చునన్నది ఈ చికిత్సకు మూలమైన ఆలోచన.

గుర్రం నిమిషానికి సుమారు 100 అడుగులు వేస్తుంది. ఆ లెక్కన 20 నిమిషాల్లో పిల్లల శరీరం దాదాపు 2,000 సార్లు కొద్దిగా తూలుతుంది, తిరిగి నిలదొక్కుకుంటుంది. మెడ, వెన్ను, పొట్ట కండరాలు ఆ పనిలో పాల్గొంటాయి. వ్యాయామ గదిలో ఇన్నిసార్లు, ఇంత సమానమైన లయతో ఈ సాధన చేయించడం కష్టం.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొందరు పిల్లల్లో తొడల లోపలి కండరాలు బిగుసుకుపోయి కాళ్లు కత్తెరలా అడ్డుపడతాయి. గుర్రం వీపు వెడల్పు వల్ల తొడలు ఎడంగా నిలుస్తాయి. గుర్రం ఒంటి వేడి మనిషి వేడి కంటే కొంచెం ఎక్కువ. విశ్రాంతిలో ఉన్నప్పుడు అది 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. ఆ వెచ్చదనం, నడక లయ కలిసి కండరాల బిగువును కొంతసేపు సడలించవచ్చు. థెరపిస్టు గుర్రాన్ని ఆపించి మళ్లీ నడిపించడం ద్వారా, గుండ్రంగా లేదా మెలికలుగా తిప్పించడం ద్వారా, అడుగు వేగం మార్పించడం ద్వారా సాధన కష్టాన్ని పెంచుతారు, తగ్గిస్తారు.

శాలలో ఒక రోజు

స్వారీశాలలో రోజు మేతతో మొదలవుతుంది. 400 కిలోల బరువున్న గుర్రం రోజుకు సుమారు 8 కిలోల ఎండుమేత తింటుంది, 25 నుంచి 40 లీటర్ల వరకు నీరు తాగుతుంది. ఎండాకాలంలో నీటి అవసరం ఇంకా పెరుగుతుంది. గుర్రం జీర్ణాశయం చిన్నది. అది వాంతి చేసుకోలేదు. ఒకేసారి ఎక్కువ దాణా పెట్టినా, తిన్న వెంటనే పనిలో పెట్టినా కడుపునొప్పి వచ్చి ప్రాణంమీదికి రావచ్చు. అందుకే గడ్డి ఎక్కువగా, దాణా తక్కువగా, పలుమార్లు పెట్టాలన్నది పాత కాలం నుంచీ ఉన్న నియమం. ఉదయం తరగతి వేళను బట్టి మేత వేళ, మేత వేళను బట్టి పనివారు నిద్ర లేచే వేళ నిర్ణయమవుతాయి.

మేత పెట్టే మనిషే ఆ రోజు మొదటి పరీక్ష కూడా చేస్తాడు. రాత్రి వేసిన గడ్డి మిగిలిందా, పేడ మామూలుగా ఉందా, కాళ్లలో వాపు ఉందా, గుర్రం ఒక కాలిమీద బరువు వేయకుండా నిలబడుతోందా అని చూస్తాడు. వీటిలో ఏ ఒక్కటి తేడాగా కనిపించినా ఆ గుర్రానికి ఆ రోజు సెలవు. కొద్దిగా కుంటే గుర్రం సమానమైన లయను ఇవ్వలేదు. పైగా నొప్పితో ఉన్న జంతువు ఎంత సాధువైనదైనా హఠాత్తుగా ప్రతిస్పందించవచ్చు.

తరువాత లాయం శుభ్రం చేస్తారు. మూత్రం నిలిచిన చోట పుట్టే అమ్మోనియా వాయువు గుర్రాల ఊపిరితిత్తులకు, డెక్కలకు హాని చేస్తుంది. పిల్లల్లో ఉబ్బసం ఉన్నవారికీ అది మంచిది కాదు. ఆ తరువాత ఒళ్లు దువ్వడం. గుర్రాన్ని గోకి దుమ్ము రాల్చే పళ్ల సాధనాన్ని తెలుగులో గొరపం అంటారు. గొరపంతో మట్టి వదిలించి, బ్రష్‌తో తుడిచి, నాలుగు డెక్కల అడుగునా ఇరుక్కున్న రాళ్లను కొక్కెంతో తీస్తారు. జీను కింద చిన్న మట్టిగడ్డ మిగిలినా అది గుర్రం వీపును ఒరిపిడి పెడుతుంది.

అనేక శాలల్లో ఈ పనిలో కొంత భాగాన్ని పిల్లల కోసం మిగిల్చి ఉంచుతారు. పక్షవాతం సోకిన చేయి గుర్రం మెడ నుంచి వీపు దాకా సాగడం ఒక వ్యాయామమే. కుడి ఎడమలు, పైకీ కిందికీ, గట్టిగా మెల్లగా అనే భేదాలు ఇక్కడ చేతితో తెలుస్తాయి. జూలు, డెక్క, తోక అని పేర్లు చెప్పించడం భాషా సాధన అవుతుంది.

తరువాత సామగ్రి బిగిస్తారు. హిప్పోథెరపీలో చాలాసార్లు జీను వాడరు. మెత్తటి పరుపు వేసి, పట్టుకునేందుకు పిడులున్న పటకా కడతారు. దానివల్ల గుర్రం కదలిక, వెచ్చదనం నేరుగా అందుతాయి. జీను వాడినప్పుడు రికాబులు, అంటే కాలు పెట్టుకునే వలయాలు, పడిపోతే పాదం వాటంతట అవే వదిలే రకానివై ఉండాలి. స్వారీ చేసే ప్రతి ఒక్కరికీ తలకు సరిపోయే హెల్మెట్ తప్పనిసరి. మొదటి బిడ్డ రాకముందే గుర్రాన్ని కాసేపు ఊరికే నడిపించి, ఆ రోజు దాని తీరును గమనిస్తారు.

అత్యంత జాగ్రత్త అవసరమైనవి ఎక్కే నిమిషం, దిగే నిమిషం. వీల్‌చైర్ ఎక్కగలిగే ఏటవాలు దారి, దాని చివర గుర్రం వీపుకు తగిన ఎత్తులో వేదిక, గుర్రానికి అవతలి పక్కన మరొక వేదిక ఉంటాయి. రెంటి మధ్య గుర్రం రాయిలా నిలబడాలి. ఒక వైపు నుంచి బిడ్డను ఎక్కిస్తారు. రెండవ వైపున ఉన్న మనిషి కాలును అందుకుని సరిచేస్తారు. ఏటవాలు దారి లేని చోట పెద్దవాళ్లు పిల్లలను ఎత్తి గుర్రంమీద వేయవలసి వస్తుంది. అది పిల్లల తుంటి కీళ్లకూ, ఎత్తేవారి నడుముకూ, గుర్రం వీపుకూ మంచిది కాదు.

తరగతి నడుస్తున్నప్పుడు ఒక్క బిడ్డ చుట్టూ నలుగురు ఉండవచ్చు. ఒకరు గుర్రాన్ని నడిపిస్తారు. వారి దృష్టి అంతా గుర్రంమీదే. ఇద్దరు పక్కన నడుస్తారు. వారు బిడ్డ తొడమీద చేయి ఆన్చి పట్టు ఇస్తారు. గుర్రం బెదిరితే బిడ్డను ఒక పక్కకు దించి దూరంగా తీసుకువెళ్లే విధానాన్ని వారు ముందే సాధన చేసి ఉంటారు. నాలుగవ వ్యక్తి శిక్షకుడు లేదా థెరపిస్టు. సూచనలు ఇచ్చేది ఆయన లేదా ఆమె మాత్రమే. మిగిలినవారు అడిగితే తప్ప మాట్లాడరు. ఒకేసారి నాలుగు గొంతులు వినిపిస్తే బిడ్డ ఏ మాటను అనుసరించాలో తేల్చుకోలేదు.

వలయాన్ని గుంజకు వేయడం, చేతులు చాచడం, వంగి గుర్రం మెడ తాకడం వంటివి మామూలు సాధనలు. మాట ఆలస్యమైన పిల్లలకు మరో సాధన ఉంది. గుర్రాన్ని ఆపి, బిడ్డ 'పద' అనేదాకా ఎదురు చూస్తారు. పూర్తి మాట రాకపోయినా, ఆ ప్రయత్నంగా ఒక శబ్దం గానీ సైగ గానీ వచ్చిందంటే గుర్రం కదులుతుంది. మాటకు వెంటనే ఫలితం ఉంటుందని బిడ్డకు ఒంటితో తెలుస్తుంది.

తరగతి సాధారణంగా 20 నుంచి 30 నిమిషాలు. దిగిన తరువాత పిల్లలు గుర్రానికి క్యారెట్ ముక్కలు పెడతారు. చేతితో కాకుండా గిన్నెలో పెట్టించడం మంచి పద్ధతి. చేతిమేత అలవాటైన గుర్రం చేతులు కొరకడం నేర్చుకుంటుంది. థెరపిస్టు ఆ రోజు ఏమి చేయించినదీ, ఎంతసేపు కూర్చోగలిగినదీ నమోదు చేస్తారు. ఎండ ముదిరే వేళకు గుర్రాలకు విశ్రాంతి. సాయంత్రం మరికొన్ని తరగతులు. చివర తోలు సామగ్రి తుడవడం, పటకా కుట్లు పరీక్షించడం, పేడ ఎత్తడం, రాత్రి మేత.

ఈ మధ్యలో తల్లిదండ్రుల బల్లమీద మరో పని జరుగుతూ ఉంటుంది. అక్కడ కూర్చున్నవారు వైకల్య ధ్రువీకరణ, దివ్యాంగుల విశిష్ట గుర్తింపు కార్డు, చేర్చుకునే పాఠశాలలు, నమ్మదగిన వైద్యుల గురించి ఒకరికొకరు చెప్పుకుంటారు. మిగతా రోజుల్లో ఇంటికే పరిమితమయ్యే తల్లులకు ఇది తక్కువ లాభం కాదు.

ఏ గుర్రం పనికొస్తుంది?

ప్రకృతిలో గుర్రం వేటాడబడే జంతువు. కళ్లు తలకు ఇరుపక్కలా ఉండటంతో దాదాపు చుట్టూ చూడగలదు. నేరుగా ముక్కు ముందు, నేరుగా తోక వెనుక మాత్రం దానికి కనిపించవు. అనుమానం వస్తే పరుగెత్తడం దాని స్వభావం. చేతికర్ర కింద పడిన శబ్దం, బిడ్డ అకస్మాత్తుగా వేసిన కేక, గాలికి విచ్చుకున్న గొడుగు దానికి ప్రమాద సంకేతాలు కావచ్చు. అందుకే ఈ పనికి వయసు వచ్చిన, అనుభవం ఉన్న, నెమ్మదస్తురాలైన గుర్రాన్ని ఎంచుకుంటారు. వీల్‌చైర్, బంతి, కర్ర, గొడుగు వంటివాటికి వారాల తరబడి అలవాటు చేసిన తరువాతే పిల్లల దగ్గరకు తెస్తారు.

నడకలో రెండు పక్కలా సమానత ఉండటం మరో షరతు. గుర్రం వంకరగా నడిస్తే బిడ్డ శరీరం ఆ వంకరనే సాధన చేస్తుంది. సామగ్రితో కలిపి స్వారీదారు బరువు గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్నది సాధారణ పరిమితి. నిలదొక్కుకోలేని శరీరం ఒక పక్కకు ఒరుగుతుంది కాబట్టి ఈ శాలల్లో ఆ పరిమితిని ఇంకా తక్కువగా పాటించడం మేలు. పందేల నుంచి విరమించిన గుర్రాలు చౌకగా దొరకవచ్చు. కానీ వేగం కోసం పెంచిన జంతువుల్లో చాలావాటికి ఈ నెమ్మది పని తగదు.

పని చూడటానికి తేలికగా కనిపించినా గుర్రానికి ఇది అలసట కలిగించేదే. చెవులు వెనక్కు అణచడం, ఊరికే తోక విసరడం, పటకా బిగించేటప్పుడు కొరకబోవడం అది అలసిపోయిందని చెప్పే గుర్తులు. గుర్రానికి రోజుకు ఎన్ని తరగతులు, వారానికి ఎన్ని విశ్రాంతి రోజులు అన్న లెక్క రాసిపెట్టే శాలలోనే పిల్లలకూ భద్రత ఉంటుంది.

ఎవరు ఎక్కకూడదు?

స్వారీ అందరికీ పనికిరాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడ పైభాగంలోని మొదటి రెండు ఎముకల మధ్య పట్టు సడలి ఉంటుంది. చిన్న కుదుపు కూడా వెన్నుపామును దెబ్బతీసే ప్రమాదం ఉంది. అందుకే వారి విషయంలో వైద్య పరీక్ష, అవసరమైతే మెడ ఎక్స్‌రే లేకుండా ఎక్కించకూడదు. అదుపులోకి రాని మూర్ఛ, తుంటి కీలు తొలగి ఉండటం, వెన్ను తీవ్రంగా వంకర తిరగడం, ఎముకలు సులభంగా విరిగే జబ్బు, రక్తం గడ్డకట్టని జబ్బు, కూర్చునే చోట పుండ్లు, గుర్రపు వెంట్రుకలు పడక తీవ్రమైన అలర్జీ ఉన్నవారికి స్వారీ హాని చేయవచ్చు. వీరిలో కొందరికి నేలమీది పని అనుకూలం కావచ్చు. అది కూడా వైద్యులు చెప్పవలసిందే.

ఫలితాలకు ఆధారం ఎంత?

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలపై జరిగిన అధ్యయనాల్లో నడుము నిలకడ, కూర్చునే భంగిమ, కండరాల సమానత మెరుగైనట్లు పలుమార్లు నమోదైంది. అయితే వాటిలో చాలా అధ్యయనాలు కొద్దిమంది పిల్లలతో, కొద్ది వారాల పాటు జరిగాయి. తరగతులు ఆపిన తరువాత ఆ మెరుగుదల ఎంతకాలం నిలుస్తుందన్నది తేలలేదు. స్వారీవల్ల నడవని బిడ్డ నడుస్తుందని చెప్పే ఆధారం లేదు.

ఆటిజం విషయంలో చెప్పుకోదగిన అధ్యయనం అమెరికాలో జరిగి 2015లో ప్రచురితమైంది. 6 నుంచి 16 ఏళ్ల వయసున్న 127 మందిని రెండు బృందాలుగా విభజించారు. ఒక బృందం 10 వారాలు స్వారీ నేర్చుకుంది. రెండవ బృందం అలాంటి వాతావరణంలోనే, గుర్రాలు లేకుండా, గుర్రాల గురించి నేర్చుకుంది. స్వారీ చేసిన బృందంలో చిరాకు, అతిచురుకుదనం ఎక్కువగా తగ్గాయి. సామాజిక సంభాషణ, పలికిన మాటల సంఖ్య పెరిగాయి. రెండవ బృందంతో పోల్చి చూడటమే ఈ అధ్యయనానికి బలం. శాల వాతావరణం, కొత్త మనుషులు కలిగించే ప్రభావాన్ని స్వారీ ప్రభావం నుంచి కొంతవరకు విడదీయగలిగింది. అయినా ఆటిజం నయమవుతుందని అది చెప్పలేదు.

కాబట్టి స్వారీని ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, బడి చదువుకు తోడుగా చూడవచ్చు. వాటిని మాన్పించి స్వారీకి పంపమనే సలహా బిడ్డకు విలువైన నెలలను నష్టపరుస్తుంది.

ఒక పతకం నుంచి సమాజ శాలల దాకా

డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్ 1944లో గర్భవతిగా ఉండగా పోలియో బారిన పడ్డారు. మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడ్డాయి. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా సాయం అవసరమయ్యేది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో డ్రెసాజ్ పోటీలో మహిళలకు తొలిసారి అవకాశం ఇచ్చారు. అందులో పురుషులతో తలపడి ఆమె రజతం సాధించారు. 1956లోనూ అదే పతకం గెలిచారు. ఆ విజయాలు ఐరోపాలో వైద్యులను, స్వారీ శిక్షకులను ఆలోచింపజేశాయి.

1969లో బ్రిటన్‌లో 'రైడింగ్ ఫర్ ది డిజేబుల్డ్ అసోసియేషన్' ఏర్పడింది. కెనడాలోని టొరంటోలోనూ, అమెరికాలోనూ ఇలాంటి సంఘాలు అదే ఏడాది మొదలయ్యాయి. బ్రిటన్ సంస్థ కింద నేడు వందల సంఖ్యలో స్థానిక బృందాలు ఉన్నాయి. వాటిని ప్రధానంగా స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతారు. పారాలింపిక్స్‌లో 1996 అట్లాంటా క్రీడల నుంచి డ్రెసాజ్ క్రమంగా జరుగుతోంది. అక్కడ స్వారీదారులను వైకల్య తీవ్రతను బట్టి ఐదు శ్రేణులుగా విభజిస్తారు. అత్యంత తీవ్ర వైకల్యం ఉన్న మొదటి శ్రేణిలో గుర్రం నడక మాత్రమే ఉంటుంది. పరుగు ఉండదు.

ఇచ్ఛాపూర్ లాంటి చోట శాల పెట్టాలంటే

సూరత్ నుంచి హజీరా వెళ్లే దారిలో ఉన్న ఇచ్ఛాపూర్ వజ్రాభరణాల పారిశ్రామిక వాడకు పేరొందింది. సూరత్‌లో తెలుగువారు, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన చేనేత కుటుంబాలవారు దశాబ్దాలుగా స్థిరపడి ఉన్నారు. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలనూ నడిపింది. ఇలాంటి పారిశ్రామిక శివార్లలో సమాజ స్వారీశాల ఏర్పాటు చేయాలంటే ఎదురయ్యే ప్రశ్నలు దేశంలోని మిగతా నగరాలకూ వర్తిస్తాయి.

మొదటి ప్రశ్న చోటు. శివార్లలో భూమి దొరకవచ్చు. కానీ భారీ లారీలు తిరిగే రహదారి పక్కన హారన్ల మోతకు గుర్రాలు, పిల్లలు ఇద్దరూ బెదురుతారు. తీరప్రాంతపు తేమలో, వానాకాలపు బురదలో డెక్కలు కుళ్లుతాయి. నీరు నిలవని ఇసుక నేల, దానిపై పైకప్పు లేకపోతే ఏడాదిలో కొన్ని నెలలు తరగతులు ఆగిపోతాయి.

రెండవది గుర్రం, గుర్రాన్ని ఎరిగిన మనిషి. గుజరాత్‌కు సొంత జాతి అయిన కాఠియావాడీ ఉంది. రాజస్థాన్ మార్వాడీ కూడా దగ్గరిదే. అయితే పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పొట్టి గుర్రాల సంఖ్య 2012లో 6.2 లక్షలు ఉండగా 2019 నాటికి 3.4 లక్షలకు తగ్గింది. గుర్రాలతో పాటు వాటికి లాడాలు కొట్టేవారు, జీను కుట్టేవారు, జబ్బు చూసే పశువైద్యులూ తగ్గుతారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి డెక్క చెక్కే మనిషి లేకపోతే శాల నడవదు.

మూడవది వ్యాధి భయం. గ్లాండర్స్ అనే అంటువ్యాధి గుర్రాల నుంచి మనుషులకు సోకగలదు. వ్యాధి నిర్ధారణ అయిన జంతువును చంపవలసి వస్తుంది. హరియాణాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్షలు చేస్తుంది. పిల్లలు తాకే ప్రతి గుర్రానికీ ఈ పరీక్ష, ధనుర్వాతం టీకా నమోదై ఉండాలి.

నాలుగవది డబ్బు. ఒక బిడ్డకు నలుగురు మనుషులు, ఒక గుర్రం, ఏడాది పొడవునా మేత. రుసుముతోనే ఇది నడవాలంటే కూలి కుటుంబాలకు అందదు. కూలి రోజు పోగొట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చే తల్లికి తరగతి ఉచితమైనా భారమే. స్వారీ క్లబ్బులు తీరిక వేళల్లో గుర్రాలను ఇవ్వడం, కళాశాల విద్యార్థులు పక్కన నడవడం, పరిశ్రమలు తమ సామాజిక బాధ్యత నిధులతో రవాణా భరించడం వంటి ఏర్పాట్లు ఉన్నప్పుడే సమాజ శాల అన్న పేరు సార్థకమవుతుంది.

2011 జనగణన ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. వారిలో ఎక్కువ మంది గ్రామాల్లోనే ఉన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తింపు పొందిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. పునరావాసం, వినోదం, క్రీడల్లో సమాన భాగస్వామ్యం కల్పించే బాధ్యతను ప్రభుత్వాలపై పెట్టింది. స్వారీశాలను వైద్యంగా మాత్రమే కాకుండా క్రీడగా, వినోదంగా చూడటానికి కూడా ఈ చట్టంలో చోటు ఉంది. వ్యాయామ గదిలో ఏళ్లు గడిపిన బిడ్డకు అందరికంటే ఎత్తున కూర్చుని తిరగడం, వైద్య ఫలితం కొలతకు అందకపోయినా, దానికదే విలువైనది.

తల్లిదండ్రులు ఏమి చూడాలి?

ముందుగా బిడ్డ పరిస్థితిని నిపుణులతో అంచనా వేయించుకోవాలి. మేధో వైకల్యం విషయంలో సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ వంటి ప్రభుత్వ కేంద్రాలు ఈ సేవ అందిస్తాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ 'నిరామయ' పథకం లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కల్పిస్తుంది. స్వారీ తరగతి ఖర్చు దాని పరిధిలోకి వస్తుందో రాదో డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోవాలి.

శాలకు మొదటిసారి బిడ్డ లేకుండా వెళ్లి ఒక తరగతి చూడటం మంచిది. తరగతి నడిపేవారి అర్హత ఏమిటి, వైద్యుల లేఖ అడుగుతున్నారా, ఎక్కడానికి ఏటవాలు దారి ఉందా, బిడ్డ పక్కన ఎంతమంది నడుస్తున్నారు, హెల్మెట్లు అన్ని కొలతల్లోనూ ఉన్నాయా అన్నవి కంటితో చూసి తెలుసుకోదగినవే. లాయం వాసన, గుర్రాల పక్కటెముకలు, వీపుమీది మచ్చలు, నీటి తొట్టెలో నీరు చాలా సంగతులు చెబుతాయి. గుర్రం ఇవాళ ఎన్నో తరగతిలో ఉందని అడిగితే వెంటనే సమాధానం రావాలి.

లక్ష్యం ఏమిటో, దానిని ఎన్ని వారాలకు సమీక్షిస్తారో రాసి ఇవ్వమని కోరవచ్చు. 'ఆసరా లేకుండా ఐదు నిమిషాలు కూర్చోవడం' వంటి లక్ష్యాన్ని కొలవవచ్చు. 'పూర్తిగా నయం' అన్న మాటను కొలవలేరు. ఇక చివరిగా అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఇప్పటివరకు ఏ బిడ్డనైనా స్వారీ తగదని చెప్పి వెనక్కి పంపారా? ఎందుకు పంపారో కారణంతో సహా చెప్పగలిగిన శాలకు రెండవసారి బిడ్డతో వెళ్లవచ్చు.